గోపాల్‌పూర్ పాత ఫోటోలు, పెద్దవాళ్ళ జ్ఞాపకాలు: ఏది ఏ ఏడాదిదో తేల్చడం ఎలా?

అంకులి వీధి

అందరికీ నమస్కారం. బరంపురంలో ఉన్న తెలుగువాళ్ళం కొందరం కలిసి డిసెంబరులో ఒక చిన్న ప్రదర్శన పెడుతున్నాం. 1970 నుంచి 2000 దాకా ఒడిశా గంజాం తీరంలోని గోపాల్‌పూర్‌లో, బక్షిపల్లిలో, ఆర్యపల్లి వైపు పెరిగినవాళ్ళ జ్ఞాపకాలు అన్నమాట. 60 ఫోటోలు చేతికొచ్చాయి, గోడ మీద 40 పడతాయి. ఎనిమిది మంది పెద్దవాళ్ళు మాట్లాడతామన్నారు, ఆ మాటలు రికార్డు చేసి వినిపించాలని ఉంది.

చిక్కులు చెప్తాను. సగం ఫోటోలు జిగురు పేజీల ఆల్బముల్లో అంటుకుపోయాయి, రెండు ఫ్రేము అద్దానికే అతుక్కున్నాయి. తేదీలు లేవు. సముద్రం సంగతికొస్తే ఒకరు "అప్పట్లో ఇంకా ఫర్లాంగు దూరం ఉండేది" అంటారు, పక్కింటాయన "అప్పుడూ ఇంతే" అంటారు. ఎవరి మాట రాయాలి? అప్పటి చోటునే ఇప్పుడు ఫోటో తీసి పక్కన పెడదామని కూడా అనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టమంటారు?

పాత నెగెటివ్

ఫోటోల సంగతి నేను చెప్తాను, సముద్రం సంగతి తెప్పకట్టు గారు చెప్పాలి.

జిగురు పేజీ నుంచి ఫోటోని గోటితో లేపొద్దు. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారం ఉంటుంది కదా, మైనం పూయనిది తీసుకోండి. ఒక మూల కింద దూర్చి, రెండు చేతులతో రంపంలా మెల్లగా ఆడిస్తూ ముందుకి లాగాలి. ఫోటో వంగుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపేసి, పేజీని పేజీగానే స్కాన్ చేసెయ్యండి. పేజీ మొత్తం ఒకసారి స్కాన్ చెయ్యడం ఎలాగూ మంచిదే. ఏ ఫోటో పక్కన ఏది ఉందో తర్వాత తేదీకి పనికొస్తుంది. హెయిర్ డ్రైయర్ వేడి పెట్టమని ఎవరైనా చెప్తారు, వినకండి. జిగురు కరిగి ఫోటో వెనక్కి ఇంకుతుంది.

అద్దానికి అతుక్కున్నవి లాగితే పైపొర అద్దం మీదే ఉండిపోతుంది. వాటిని అలాగే అద్దంలోంచి ఫోటో తియ్యండి. గదిలో లైటు ఆపి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డ కడితే మీ నీడ అద్దంలో పడదు.

సముద్రపు ఊళ్ళ ఫోటోలకి బూజు తప్పదు. తడిగుడ్డ తాకించొద్దు, బూజు తిన్నచోట పొర నీళ్ళకే కరిగిపోతుంది. ఎండలోనూ పెట్టొద్దు, చుట్టుకుపోయి పగుళ్ళిస్తుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో నాలుగైదు రోజులు ఉంచి, తర్వాత ఆరుబయట మూతికి గుడ్డ కట్టుకుని మెత్తటి కుంచెతో దులపండి.

స్కానింగ్ లెక్క: 4×6 అంగుళాల ఫోటో అయితే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు, 12×18 దాకా గోడకి పెద్దది చేసుకోవచ్చు. రెండుంపావు అంగుళాల చదరపు బుల్లి ఫోటోలకి 1200 కావాలి. 35 ఎంఎం నెగెటివ్ దొరికితే 2400కి తగ్గకండి. అసలు ఫోటో కంటే నెగెటివే మేలు, అడిగి చూడండి, చాలా ఇళ్ళలో అవి స్టూడియో కవర్లోనే పడి ఉంటాయి. టిఫ్ ఫైలుగా దాచి, వాట్సాప్‌లో పంపడానికి జేపెగ్ వేరే చేసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోని గోడకెక్కించాలని మాత్రం చూడకండి, అది పెద్దది చేస్తే పొడిపొడిగా విరిగిపోతుంది. వెనకవైపు కూడా స్కాన్ చెయ్యాలి. స్టూడియో ముద్ర, కాగితం కంపెనీ పేరు, ఎవరో పెన్సిల్‌తో రాసిన రెండు ముక్కలు, తేదీ దొరికేది అక్కడే.

తేదీ విషయం. చదరపు నలుపు తెలుపు ఫోటో అయితే ఎక్కువగా ఆగ్‌ఫా క్లిక్-3 లాంటి పెట్టె కెమెరాది, 120 రీలుకి 12 బొమ్మలు. ఎర్రబడిన కలర్ ఫోటో అంటే అందులోని నీలిపచ్చ రంగు వెలిసిందని అర్థం. దాన్ని చూసి "సాయంత్రపు వెలుగు" అని రాసేస్తారు, చూసుకోండి. మూలలో నారింజ అంకెలతో తేదీ ఉన్నవాటిని నమ్మకండి. సెల్ మార్చినప్పుడల్లా ఆ గడియారం మొదటికొచ్చేది, మళ్ళీ సరిచేసేవాళ్ళు తక్కువ. జనవరి 1 అని ఉంటే ఇంకా అనుమానించాలి.

అప్పటి చోటే ఇప్పటి ఫోటో తియ్యాలంటే ముందు లైట్‌హౌస్ పడ్డ ఫోటోలు ఏరుకోండి. పాత ఫోటోలో దగ్గరగా ఉన్న ఒక అంచుకి, ఏదైనా బంగళా స్తంభం అనుకోండి, లైట్‌హౌస్ ఎడమన ఎంత, కుడిన ఎంత కనిపిస్తోందో చూడండి. మీరు కుడికి జరిగితే దగ్గరి స్తంభం లైట్‌హౌస్‌తో పోలిస్తే ఎడమకి జరుగుతుంది. ఆ రెండూ పాత ఫోటోలోలా కుదిరే దాకా జరిగితే మీరు ఒక గీత మీదకి వచ్చినట్టు. ఇంకో జత వస్తువులు కుదిర్చితే ఆ గీత మీద సరిగ్గా ఏ చోటో తెలిసిపోతుంది. పాత ఫోటో ప్రింటు చేతిలో పట్టుకునే వెళ్ళండి, ఫోన్లో చూస్తూ ఫోన్‌తో తియ్యడం కుదరదు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. పాత 35 ఎంఎం కెమెరాలకి మామూలుగా 50 ఎంఎం లెన్సు ఉండేది. మన ఫోన్ మామూలు లెన్సు దాదాపు దానికి రెండింతలు వెడల్పు చూస్తుంది. అదే చోట నిలబడి ఫోన్‌తో జూమ్ లేకుండా తీస్తే లైట్‌హౌస్ సగమై, ముందు ఇసక రెండింతలు పరుచుకున్నట్టు కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే "బీచ్ పెరిగిందే" అంటారు జనం. 2× జూమ్ పెట్టి తియ్యండి.

తెప్పకట్టు

ఫర్లాంగు అన్నాయనా, ఇంతే అన్నాయనా ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు అంకులి గారూ. ఏ నెలలో చూసిన బీచ్ గురించి చెప్తున్నారో అడిగారా?

మన తీరంలో ఆషాఢ శ్రావణాల్లో దక్షిణపు అల గట్టిగా కొట్టి ఇసకని కోసేస్తుంది, ఒడ్డు నిటారుగా, ఇరుకుగా తయారవుతుంది. మాఘ ఫాల్గుణాలకి మళ్ళీ మేట వేస్తుంది. దాని మీద పోటు, పాటు. అమావాస్యకి, పౌర్ణమికి నీళ్ళు దాదాపు రెండు మీటర్లు ఎక్కి దిగుతాయి. ఒడ్డు వాలు పదికి ఒకటి అనుకుంటే ఆ రెండు మీటర్లకే నీటి గీత 20 మీటర్లు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దసరా సెలవుల్లో పొద్దున్న పోటుకి చూసినవాడు, శివరాత్రికి పాటులో చూసినవాడు ఒకే బీచ్ గురించి మాట్లాడుకోలేరు. అంచేత "సముద్రం ఎంత దూరం ఉండేది" అని అడగొద్దు. "వేసంకాలంలో పడవ ఎక్కడిదాకా లాక్కొచ్చేవారు? వానాకాలంలో ఎక్కడికి జరిపేవారు?" అని అడగండి. పడవలు ఆపే చోటు పెద్ద పోటు కూడా అందని చోటై ఉంటుంది, ఆ గీత అబద్ధం చెప్పదు.

రెండోది, ఎక్కడి నుంచి కొలుస్తున్నారు? పాతవాళ్ళకి బీచ్ అంటే ఇసక దిబ్బ, దాని మీద అడంబు తీగ, అక్కడి నుంచి లెక్క. ఇప్పటి పిల్లలకి సిమెంటు గట్టు, మెట్లు, లైట్లు, అక్కడి నుంచి లెక్క. గట్టు దిబ్బ మీద కట్టారా, దిబ్బ ముందు కట్టారా అన్నది తేల్చుకోకుండా రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే సముద్రం ముందుకి రాకపోయినా వచ్చినట్టే ఉంటుంది.

మూడోది చిన్నపిల్లల అడుగు. "ఇంటి దగ్గర్నుంచి 200 అడుగులు వేస్తే నీళ్ళు" అంటే, ఆరేళ్ళ పిల్లాడి అడుగు 45 సెంటీమీటర్లు అనుకుంటే 90 మీటర్లు. పెద్దవాళ్ళ అడుగు 75 అనుకుంటే 150. అడుగులు లెక్కపెట్టినప్పుడు వయసెంతో రాసుకోండి. కొబ్బరి చెట్ల లెక్క ఇంకా మేలు. వరసలో నాటిన తోట అయితే చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు ఉంటుంది. "ఆరు చెట్లు పోయాయి" అంటే 150 అడుగులు పోయినట్టు.

మీరు కొలవాలంటే లైట్‌హౌస్ ప్రహరీ లాంటి కదలని మూల ఒకటి పట్టుకుని, 50 మీటర్ల టేపుతో ఇద్దరు నిలబడి, నీటి అంచు దాకా కాదు, పోటు గీత దాకా కొలవండి. అంటే గవ్వలు, చెత్త పేరుకుని తడి పొడి కలిసే గీత. కొలిచిన రోజు తిథి రాసిపెట్టండి.

ఇక కారణాల దగ్గర తొందరపడొద్దు. ఈ తీరంలో ఏడాది మొత్తం మీద ఇసక దక్షిణం నుంచి ఈశాన్యానికి నడుస్తుంది, ఏటా పది లక్షల ఘనమీటర్ల స్థాయిలో. దానికి అడ్డంగా రాతి కట్ట వేస్తే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. గోపాల్‌పూర్ పోర్టు ఊరికి ఈశాన్యాన ఉంది. అంచేత పోర్టుకి ఉత్తరపు పల్లెల కోత ఫోటో ఒకటి, గోపాల్‌పూర్ ఊళ్ళో బీచ్ ఫోటో ఒకటి పక్కపక్కన పెట్టి కింద ఒకే వాక్యం రాయకండి. పోడంపేట సంగతి వేరే. అది రుషికుల్య ముఖం దగ్గర ఊరు, అక్కడ నది నోరే చోటు మారుతుంటుంది. ఊరు కోతకి పోయి జనం లోపలికి తరలాల్సి వచ్చింది. ఒడిశా తీరం మొత్తం చూస్తే 1990–2018 మధ్య కోత పడింది 28 శాతం, మేట వేసింది 51 శాతం. "ఒడిశాని సముద్రం మింగేస్తోంది" అని పెద్దక్షరాలతో బోర్డు రాయించేముందు ఈ అంకె గుర్తుంచుకోండి.

ఉపగ్రహ చిత్రాలు కావాలంటే ల్యాండ్‌శాట్‌వి ఉచితంగా దొరుకుతాయి. 1984 తర్వాతవాటిలో ఒక చుక్క 30 మీటర్లు. అంతకంటే తక్కువ మార్పుని అందులో చూపించలేరు.

అంకులి వీధి

ఇద్దరికీ చాలా థాంక్సండి. నెల అడగాలని తట్టనే లేదు. ఇంకో రెండు. ఒక ఫోటో వెనక "సూపర్ సైక్లోన్ తర్వాత" అని ఉంది, సరుగుడు తోట మొత్తం పడిపోయి ఉంది. 29 అక్టోబరు 1999 అని రాసెయ్యొచ్చా? ఇంకోటి, "జెట్టీలో రంగం ఓడ ఆగేది" అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. రంగూన్ ఓడలు మరీ పాత మాట కదా, 1970 తర్వాత ప్రదర్శనలో పెట్టమంటారా?

పాత నెగెటివ్

రాసెయ్యకండి. గంజాంలో ఈ పొరపాటు ఇంటింటా ఉంది. 1999 అక్టోబరులో రెండు తుఫాన్లు. 17న తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గర, బరంపురాన్ని కుదిపేసింది అదే. 29న వచ్చిన సూపర్ సైక్లోన్ పారాదీప్ వైపు దాటింది. జనం నోట్లో రెండూ కలిసి "సూపర్ సైక్లోన్" అయిపోయాయి. ఆ ఫోటో గోపాల్‌పూర్‌దే అయితే ఎక్కువగా 17వ తేదీ గాలిది.

ఇంకో ప్రమాదం, అది 2013 అక్టోబరు 12 ఫైలిన్ ఫోటో కూడా కావచ్చు. అదీ గోపాల్‌పూర్ దగ్గరే దాటింది, అదీ దసరా రోజుల్లోనే, అప్పుడూ సరుగుడు పడింది. తేడా పట్టాలంటే ఫోటో కాగితమా, ఫైలు నుంచి వేసిన ప్రింటా చూడండి. నెగెటివ్ ఉంటే తగువే లేదు. ఫోటోలో మొబైల్ టవర్ ఉన్నా 1999 కాదనుకోవచ్చు. చెట్లు పడ్డ దిక్కు చూసి తేల్చేస్తామనే మహానుభావులుంటారు. తుఫాను కన్ను దాటాక గాలి తిరగబడుతుంది, అది నమ్మకండి.

తేలకపోతే "1999 లేదా 2013" అని రాయండి, తప్పేం లేదు. చూడ్డానికొచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు చెప్తారు. ప్రతి ఫోటో కింద ఒక పెన్సిలు, ఖాళీ చీటీలు కట్టి వేలాడదీయండి.

తెప్పకట్టు

రంగం మాట తప్పకుండా పెట్టండి. 1970లో పెరిగిన పిల్లలకి తాతలు చెప్పిన కథలవి, వాళ్ళ జ్ఞాపకంలో భాగమే. కాని "జెట్టీలో ఓడ ఆగేది" అన్నది దిద్దుకోండి. పెద్ద ఓడ ఒడ్డుకి రాదు, లోతు చాలదు. దూరంగా లంగరు వేసేది, మనుషుల్ని, మూటల్ని పడవల మీద అల దాటించేవారు. ఇప్పుడు బీచ్‌లో కనిపించే పాత స్తంభాల్ని చూసి ఓడ అక్కడికే వచ్చేదనుకుంటున్నారు. రంగం రాకపోకలు రెండో ప్రపంచ యుద్ధంతో తెగిపోయాయి. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక వెనక్కి నడిచొచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు ఇక్కడ ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర పాత కాగితాలు ఉంటే అవి కూడా స్కాన్ చెయ్యండి. 1936 ఏప్రిల్ 1 దాకా మనం మద్రాసు రాజధానిలో ఉన్నాం కాబట్టి పాత రికార్డుల కోసం భువనేశ్వర్‌లోనే వెతికితే చాలదు, చెన్నై ఎగ్మూర్ ఆర్కైవ్స్ కూడా చూడాలి.

అల దాటించే ఆ పడవ గురించి ఒక ముక్క. కుర్రాళ్ళు దాన్ని "నాటు పడవ" అని రాసి వదిలేస్తారు. దానికి మేకు ఉండదు. పలకకి పలక కొబ్బరి తాడుతో కుట్టు, కుట్టు కింద గడ్డి దిండు. లోపల అడ్డబద్దల చట్రం కూడా ఉండదు కాబట్టి అల కొట్టినప్పుడు మొత్తం వంగి లేస్తుంది, మేకులు కొట్టిన పడవైతే అక్కడే పగిలేది. తాడు ఉప్పునీళ్ళకి కుళ్ళుతుంది గనక మళ్ళీమళ్ళీ విప్పి కుట్టాలి. ఫైబర్ బోట్లొచ్చాక ఆ కుట్టుపని చేసే చేతులు తగ్గాయి. ఫోటోలో కుట్టు కనిపిస్తుంటే ఆ మూల ఒక్కటే పెద్దది చేసి వేరే ఫ్రేములో పెట్టండి. తెప్ప వేరు, కంగారుపడి కలిపెయ్యకండి. అది దుంగల కట్టు. ఒడ్డుకి రాగానే విప్పి దుంగల్ని వేరుచేసి ఎండబెడతారు, తడి దుంగ బరువెక్కి మునుగుతుంది కాబట్టి. బీచ్‌లో విడివిడి దుంగలున్న ఫోటోకి "తుఫానుకి విరిగిన తెప్ప" అని రాసి నవ్వులపాలు కావొద్దు.

మొగలిపొద

ఫోటోలూ మాటలూ అయ్యాయి, వాసన ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో బరంపురం నుంచి గోపాల్‌పూర్ దారిలో 16 కిలోమీటర్లూ వానాకాలంలో మొగలి వాసనే. గంజాం మొగలికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు) ఉంది. ఒడియావాళ్ళు కియా అంటారు. పొలం గట్ల మీద కంచెగా ఉండేది, స్థలాలు ప్లాట్లయ్యేకొద్దీ కంచెలు పోయాయి.

వాసనొచ్చేది మగ పొద పువ్వుకే. తెల్లారకముందే కోసి, ఎండెక్కకుండా అత్తరు తీసే భట్టీకి చేర్చాలి, లేకపోతే వాసన ఎగిరిపోతుంది. తూకం ఉండదు, పువ్వు లెక్క. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పువ్వులు, నీళ్ళు వేసి మూతకి మట్టి మెత్తి కింద కట్టెల మంట. ఆవిరి గొట్టం గుండా నీళ్ళ తొట్టిలో ఉన్న భప్కా అనే పాత్రలోకి వెళ్ళి చల్లారుతుంది. భప్కాలో గంధం నూనె ఉంటే అత్తరు, ఉత్త నీళ్ళే పడితే మొగలి నీళ్ళు. మంట ఎక్కువైతే మాడు వాసన పట్టేసి ఆ వాయి మొత్తం దండగ.

ప్రదర్శనకి స్వీట్ల దుకాణం ఎసెన్సు వాడకండి, జనానికి రసమలై గుర్తొస్తుంది తప్ప గోపాల్‌పూర్ రాదు. ఛత్రపురం, రంగైలుండా వైపు భట్టీ నుంచి తెచ్చిన మొగలి నీళ్ళు దూదికి నాలుగు చుక్కలు, మూతున్న గాజు సీసాలో పెట్టి, మూత తీసి చూడమని రాయండి. హాల్లో చల్లితే అరగంటలో తలనొప్పులు. దూది గంటకోసారి మార్చాలి. డిసెంబరులో పువ్వు దొరకదు, ఆగస్టు సెప్టెంబరులోనే నీళ్ళు తెచ్చి పెట్టుకోండి.

ఊళ్ళ పేర్లు కూడా ఒక బోర్డు మీద పెట్టండి. బక్షిపల్లి, ఆర్యపల్లి, గరంపేట, పోడంపేట. ఆ "పల్లి", "పేట" చూస్తే ఈ ఒడ్డున ఎవరు వల వేశారో తెలుస్తుంది. పూరీలో పెంఠకటా కూడా మన పెంటకోట నుంచి వెళ్ళినవాళ్ళదే. పేర్లు తెలుగులో, ఒడియాలో రెండింట్లోనూ రాయించండి. పిల్లలు సగం మంది ఒడియా బడుల్లో చదివారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు.

తెప్పకట్టు

రికార్డింగు మిగిలిపోయింది. బీచ్‌లో కూర్చోబెట్టి మాట్లాడించొద్దు, ఇంటికొచ్చి వింటే హోరు తప్ప మాట ఉండదు. సముద్రం చప్పుడు విడిగా రెండు నిమిషాలు తీసుకుని, మాట ఇంట్లో తియ్యండి. ఫ్యాను ఆపి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, గుడ్డ మడత మీద ఉంచండి. బల్ల మీద ఉత్తగా పెడితే వేళ్ళతో బల్ల కొట్టే అలవాటున్నవాళ్ళు ఉంటారు. వేవ్ ఫైలు అయితే స్టీరియో నిమిషానికి 10 ఎంబీ, గంటకి 600. ఖాళీ చూసుకుని మొదలుపెట్టండి. పేరు వేసుకోవచ్చా, గోడ మీద వినిపించొచ్చా అన్నది కూడా ఆ రికార్డులోనే అడిగి చెప్పించుకోండి.

వేటవాళ్ళని పొద్దున్న కదపొద్దు, బోట్లొచ్చే వేళ. మధ్యాహ్నం వల బాగుచేసుకునేప్పుడు చేతులు పనిలో ఉంటాయి, నోరు ఖాళీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులైతే ఇంకా తీరిక. రుషికుల్య వైపు తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వేట ఆపుతారు, ఆ నెలల్లో అక్కడివాళ్ళతో మాట్లాడేప్పుడు ముందు ఆ గోడు వినాల్సిందే, తర్వాతే పాత రోజులు. డిసెంబరు ప్రదర్శన అంటున్నారు కాబట్టి ఈ వేసవి నిషేధంలోనే మాటలు పూర్తి చేసుకోండి. పాత పడవ కుట్టు తెలిసినాయన ఎవరైనా దొరికితే మాటతో ఆపకండి, రెండు చెక్కముక్కలు, మూరెడు కొబ్బరి తాడు చేతికిచ్చి కుట్టమనండి. వీడియో చేతుల మీదే పెట్టండి, మొహం మీద కాదు.